మూడు కాదు, నాలుగు

పోయినవారం మనం కోడలిని ప్రెస్సులో, చేతిలో ఎర్ర పెన్నుతో, అరవై ఒకటో పేజీ ముందు కొయ్యబారిపోయిన చోట వదిలి వచ్చాం. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోదాం.

కోడలి ఉద్యోగం తప్పులు దిద్దడం. ఆ ప్రెస్సులో అచ్చుకు వెళ్ళే ప్రతి కాగితమూ, పాఠ్యపుస్తకమైనా సరే, మందు సీసా మీద అతికించే చీటీ అయినా సరే, ముందు ఆవిడ కళ్ళ కింద నుంచి నడిచి వెళ్ళాల్సిందే. బుధవారం నాడు ఆవిడ బల్ల మీదికి టెన్నిస్ క్లబ్బు నూరేళ్ళ సంచిక ప్రూఫులు వచ్చాయి. శనివారం అచ్చు, ఆదివారం సభ. ఆ ప్రూఫుల్లో ఆవిడకి సొంత అత్తగారు కనిపించింది. కనిపించిన తీరుకే కడుపు మండిపోయింది.

ఆ అత్తగారు సామాన్యురాలు కాదు. ఆ క్లబ్బు ఏటా నడిపే జాతీయ మహిళల టెన్నిస్ కప్పుని వరసగా మూడేళ్ళు ఎవరికీ వదలకుండా పట్టుకున్న మొదటి మనిషి. పత్రికలవాళ్ళు 'పిడుగు' అని పేరు పెడితే, అసలు పేరు సర్టిఫికెట్లలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అలాంటి మనిషి ఫోటో వేసి కింద ఏమని రాశారో తెలుసా? 'క్లబ్బు సభ్యుల సతీమణులు, విశ్రాంతి వేళ.' విశ్రాంతట! ఫోటోలో ఆవిడ చేతిలో రాకెట్టుంది. చెమటకి తెల్ల గౌను ఒంటికి అతుక్కుపోయింది. కుడి మోకాలు దోక్కుపోయి మేజోడు దాకా రక్తం చారలు కట్టింది. విశ్రాంతి తీసుకునే సతీమణే ఇలా ఉంటే ఒళ్ళు వంచి పనిచేసే మనిషి ఎలా ఉంటుందో ఆ క్లబ్బువాళ్ళే చెప్పాలి.

అది చాలదన్నట్టు పక్క పేజీలో విజేతల పట్టిక. మూడేళ్ళకి ఎదురుగా పిడుగు పేరు. నాలుగో ఏటికి మాత్రం ఆవిడతో ఫైనల్ ఆడినావిడ పేరు. ఎడంచేత్తో ఆడేది కాబట్టి అందరూ 'ఎడంచేతి' అనే పిలిచేవారు. పేరు పక్కన చిన్న అక్షరాల్లో: 'ప్రత్యర్థి పోటీ నుంచి తప్పుకున్నందున.'

ప్రూఫు గడప దాటితే ఉద్యోగమూ గడప దాటినట్టే అని ప్రెస్సు యజమాని గోడ మీద రాయించి మరీ పెట్టాడు. కోడలు ఆ రెండు పేజీలూ మడిచి టిఫిన్ సంచీలో పెట్టుకుంది. సాయంత్రం ఇంటికి తెచ్చి అత్తగారి ముందు పరిచింది. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని, ఒకటికి రెండుసార్లు చదివి, "తప్పుకున్నానా? నేనా?" అంది. అంతే అంది.

ఇక ఈ వారం సంగతి.

*

గురువారం పొద్దున కోడలు లేచి వచ్చేసరికి అత్తగారు హాల్లో కూర్చుని కాన్వాస్ బూట్లకి లేసులు కట్టుకుంటోంది. డెబ్బై మూడేళ్ళ మనిషి. కుడి మోకాలు వంగదు. కాలు బారచాపి, పాదం స్టూలు మీద పెట్టి, దొంగని పట్టుకున్నట్టు ఆ లేసుని పట్టుకుని లాగుతోంది.

"అత్తయ్యా, మనం వెళ్ళేది మాట్లాడటానికి. ఆడటానికి కాదు."

"వాళ్ళతో మాట్లాడటమూ ఆటేనమ్మా. చెప్పులేసుకుని వెళ్తే జారిపడతాం."

మామగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని బీన్సు ఈనెలు తీస్తున్నారు. ఇంజినీరింగు ఆఫీసులో నక్షాలు గీసే ఉద్యోగం చేసి ఎప్పుడో రిటైరైన మనిషి. నోట్లో నాలుక లేదని పేరు. కొడుకు నెలలో సగం రోజులు ఊళ్ళు తిరిగే ఉద్యోగంలో, మనవరాలు హాస్టల్లో ఉన్నారు కాబట్టి, ఆ ఇంట్లో వంటకీ కబుర్లకీ ఆ ముగ్గురే.

"ఇప్పుడెందుకే ఆ గోల?" అన్నారాయన తల ఎత్తకుండా. "నలభై ఆరేళ్ళయింది. తవ్వితే మట్టి తప్ప ఏం మిగులుతుంది?"

"ఎన్నేళ్ళయితే మాత్రం? వయసొస్తే అబద్ధం ముసలిదవుతుంది గానీ నిజమైపోదు కదండీ!"

ఆయన మళ్ళీ బీన్సు మీద పడ్డారు. ఈనెలు ఒక పక్కకీ కాయలు ఒక పక్కకీ వెయ్యాల్సింది, రెండూ ఒకే గిన్నెలో వేసుకుంటూ పోయారు. కోడలు చూసింది. పెద్దవాళ్ళయిపోయారు పాపం అనుకుంది.

బస్సులో కిటికీ పక్క సీటు అత్తగారికిచ్చి, కాలు చాపుకోవడానికి వీలుగా కోడలు ఒదిగి కూర్చుంది. పెళ్ళయి వచ్చిన ఇరవై ఏళ్ళలో నాలుగో ఫైనల్ గురించి ముక్కలు ముక్కలుగా విన్నదే గానీ, మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడూ వినలేదు. "ఇవాళైనా చెప్తారా అత్తయ్యా?" అంది.

"చెప్పడానికేముంది. మగవాళ్ళ ఆటలన్నీ పెద్ద కోర్టులో. గ్యాలరీ, పైన నీడ, మంచినీళ్ళు. మా ఫైనల్ మాత్రం క్లబ్బు వంటగది వెనకాల. ఒక పక్క మురిక్కాలవ. ఇంకో పక్క తువ్వాళ్ళు ఆరేసే తీగలు. బంతి పైకి లేపి కొడితే తువ్వాళ్ళలో చిక్కుకునేది. మూడు కప్పులూ అక్కడే గెలిచాను. మూడోసారికి మీ ఆయన ఏడాది పిల్లాడు. ఫోటో తీసేటప్పుడు ఒక చంకలో వాడు, ఒక చంకలో కప్పు."

"రెండింట్లో ఏది బరువు?"

"కప్పు చెప్పిన మాట వినేది."

ముందు సీటావిడ కూడా వెనక్కి తిరిగి నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు. కిటికీలోంచి చూస్తూ చెప్పుకుపోయింది.

"నాలుగో ఏడు ఫైనల్ పెద్ద కోర్టులో పెట్టమని అడిగాను. 'ఆడవాళ్ళ ఆట చూడ్డానికి ఎవరొస్తారమ్మా?' అన్నాడు అప్పటి ప్రెసిడెంటు. చూసే చోట పెడితే కదండీ వచ్చేది అన్నాను. నవ్వాడు. ఎడంచేతి ఎవరనుకున్నావు, ఆ ప్రెసిడెంటు కూతురే. ఫైనల్ రోజు మధ్యాహ్నం మగవాళ్ళంతా భోజనాలకి లేచారు. పెద్ద కోర్టు ఖాళీగా ఉంది. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళి 'వస్తావా?' అన్నాను. ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, రాకెట్టు తీసుకుని నాకంటే ముందు నడిచింది."

"మరి అంపైరు?"

"చూడ్డానికొచ్చిన లెక్కల టీచరమ్మ ఒకావిడ చెప్పులు విడిచి కుర్చీ ఎక్కేసింది. ఎదురుగా ఆసుపత్రిలోంచి నర్సులొచ్చారు. వంటగదిలో వాళ్ళు గరిటెలతో సహా వచ్చారు. రెండు గంటల పది నిమిషాలు ఆడాం. ఆరు నాలుగు నాకు. మూడు ఆరు ఆవిడకి. మూడో సెట్టు ఏడు ఏడు దగ్గర బంతి కోసం దూకి ఈ మోకాలు పగలగొట్టుకున్నాను. తొమ్మిది ఏడు." అత్తగారు వేళ్ళతో సీటు కడ్డీ మీద మెల్లిగా కొట్టింది. "మర్నాడు కప్పు బీరువాలోంచి బయటికే రాలేదు. ఆ పోటీ జరగలేదని నోటీసు అంటించారు. క్రమశిక్షణ పేరు చెప్పి నన్ను క్లబ్బు నుంచి తీసేశారు. ఆ తర్వాతి ఏడు ఏం చేశారో తెలుసా? ఆడవాళ్ళ ఫైనల్ పెద్ద కోర్టుకి మార్చారు. జనం అడిగారట! చెట్టు కొట్టేసి పళ్ళు మాత్రం గంపకెత్తుకున్నారు."

"ఇన్నాళ్ళూ ఊరుకున్నారెందుకు అత్తయ్యా?"

"ఆట జరగలేదన్నది వాళ్ళ అబద్ధం. వాళ్ళ నోరు, వాళ్ళ ఖర్మ అనుకున్నాను. మునిసిపల్ గ్రౌండులో గోడకి బంతి కొట్టించి ముప్ఫై ఏళ్ళు ఆడపిల్లలకి నేర్పాను, అందులో పడి మర్చిపోయాను. కానీ తప్పుకున్నాను అని రాస్తే అది నా పేరు మీద అబద్ధం. నేనొక్క పాయింటు కూడా వదిలి ఎరగను. పోటీ వదులుతానా?"

*

క్లబ్బు గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. "మిమ్మల్నే, దారి ఇస్తారని," అని అత్తగారు లోపలికి నడిచేసింది. పెద్ద కోర్టులో పదిహేనేళ్ళ పిల్ల ఒకతె సర్వీసు ప్రాక్టీసు చేస్తోంది. బంతిని భుజం మీదుగా ఎగరేసి, వెన్ను విల్లులా వంచి కొడుతోంది. అత్తగారు తీగల కంచె పట్టుకుని నిలబడిపోయింది.

"ఆ ఎగరెయ్యడం చూశావా? నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరి దగ్గరో నేర్చుకుంది."

"పిలవమంటారా?"

"వద్దు, ఆడనీ."

ఆఫీసు వరండాలో గోడ నిండా కొత్త చెక్క బోర్డు బిగించారు. మీద ఎర్ర గుడ్డ కప్పి ఉంది. ఆదివారం ముఖ్య అతిథి ఆ గుడ్డ తీసి విజేతల పేర్లు లోకానికి చూపిస్తారట. ముఖ్య అతిథి ఎవరో కాదు, ఎడంచేతి. కోడలు గుడ్డ అంచు పట్టుకుని కొంచెం ఎత్తి చూసింది. బంగారు రంగు అక్షరాలు. పుస్తకంలో ఉన్న తప్పే, ఇంకా పెద్ద సైజులో.

కార్యదర్శికి యాభై ఉంటాయేమో. తల మీద వెంట్రుకలు తక్కువ, నోట్లో తేనె ఎక్కువ. ఇద్దరినీ చూడగానే లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, రండి! మీలాంటి పెద్దలు రావడం మా అదృష్టం. ఆదివారం మొదటి వరసలో మీకు కుర్చీ వేయిస్తున్నాం."

"కుర్చీలు మా ఇంట్లో ఉన్నాయి నాయనా," అంది అత్తగారు కూర్చోకుండానే. "నా నాలుగో కప్పు సంగతి చెప్పు."

కోడలు సంచీలోంచి ప్రూఫు తీసి బల్ల మీద పరిచింది. దాన్ని చూడగానే ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఇది మీ చేతికి ఎలా వచ్చిందమ్మా?"

"తప్పులు దిద్దేది నేనే. అరవై, అరవై ఒకటి పేజీల్లో తప్పులున్నాయి. దిద్దాలంటే అసలు సంగతి కనుక్కోవాలి కదా, అందుకని వచ్చాను."

"మీ పని అక్షరాలు దిద్దడం. చరిత్ర దిద్దడం కాదు."

"మీరు రాసింది చరిత్రయితే నేను అక్షరాలే చూసుకునేదాన్ని," అంది కోడలు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆవిడకే ఆశ్చర్యం వేసింది. ప్రెస్సులో ఇరవై ఏళ్ళుగా గొంతెత్తని మనిషి.

కార్యదర్శి కుర్చీలో వెనక్కి వాలాడు. "చూడండమ్మా. మీ మీద గౌరవంతో చెప్తున్నాను. ఒక్క ఫోను చేస్తే మీ ప్రెస్సు యజమాని..."

"చెయ్యండి. నంబరు నేనే చెప్తాను, రాసుకోండి."

ఆయన ఫోను ముట్టుకోలేదు. గొంతు మార్చి, పెద్దావిడ వైపు తిరిగాడు. "అమ్మా, ఆ రోజు మీరు సరదాగా ఏదో ఆడి ఉండొచ్చు. నేను కాదనను. కానీ రికార్డుల్లో లేనిది..."

"సరదాగానా?" అంది అత్తగారు. "రెండు గంటల పది నిమిషాలు సరదాగా ఎండలో ఎవరు దొర్లుతారు నాయనా?"

కోడలు సంచీలోంచి భూతద్దం తీసింది. చిన్న టైపు చదవడానికి ఎప్పుడూ వెంట ఉంచుకునేది. ఫోటో మీద పెట్టి, బల్ల అవతలికి జరిపింది.

"వెనకాల ఏం కనిపిస్తోందో చూడండి సార్. మెట్లు. నీడ కోసం కట్టిన రేకుల కప్పు. మెట్ల మీద తెల్ల టోపీల నర్సులు, చేతిలో గరిటెతో ఒకావిడ. ఇది పెద్ద కోర్టు గ్యాలరీ. మీ పుస్తకంలోనే నలభయ్యో పేజీలో ఏం రాశారు? 'ఫలానా సంవత్సరం నుంచి మహిళల పోటీలు తొలిసారిగా పెద్ద కోర్టులో నిర్వహించబడ్డాయి' అని. ఆ ఫలానా సంవత్సరానికి అత్తయ్య ఈ క్లబ్బులోనే లేరు, తీసేశారు. మరి ఆవిడ మోకాలి రక్తంతో పెద్ద కోర్టులో ఎప్పుడు నిలబడ్డారు? జరగని ఆటకి ఫోటో ఎలా వచ్చింది?"

కార్యదర్శి భూతద్దంలోంచి చూశాడు. దాన్ని కాస్త పైకెత్తి చూశాడు. తేలు కుట్టిన దొంగలా ఉంది ఆయన మొహం.

"మీరే అచ్చు వేశారు," అంది కోడలు. నిన్నటి నుంచి అణచుకున్న కోపమంతా ఇప్పుడు గొంతులోకి వచ్చేసింది. "సాక్ష్యం మీరే దాచారు, మీరే బయటపెట్టారు. కింద పేరు కూడా వెయ్యలేదు. ఆ మనిషి ఎవరో మీకు తెలియక కాదు, తెలిస్తే అడుగుతారని. సతీమణులట! విశ్రాంతట! బయట ఆ పిల్ల ఏ కోర్టులో ఆడుతోందో, ఆ కోర్టు ఆ పిల్లకి ఎవరివల్ల దొరికిందో ఒక్క వాక్యం రాయడానికి మీకు నూరేళ్ళు చాల్లేదా?"

అత్తగారు కోడలి చెయ్యి మీద చెయ్యి వేసింది. తర్వాత కార్యదర్శితో తాపీగా అంది: "ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. నేను ఆడాను నాయనా. మద్దెలే మీవాళ్ళు పగలగొట్టారు. అది ఒప్పుకుని, నా పేరు పక్కన నాలుగు అని రాయి. అంతకంటే ఏమీ అడగను. సభకి కూడా రాను."

ఆయన కాసేపు బల్ల మీది పేపర్ వెయిట్ తిప్పాడు. ఇక ఒప్పుకుంటాడేమో అనిపించింది కోడలికి. ఆయన లేచి, వెనక ఉన్న ఇనప బీరువా తాళం తీసి, పాత ఫైలు ఒకటి తెచ్చి, మధ్యలో ఒక కాగితం దగ్గర తెరిచి, అత్తగారి వైపు తిప్పి పెట్టాడు.

"దీన్ని బయటికి తియ్యకూడదనే అనుకున్నానమ్మా. మీ మంచి కోరే. తప్పుకున్నారని కమిటీ తనంతట తాను రాసుకోలేదు. ఫైనల్‌కి మూడు రోజుల ముందు ఈ ఉత్తరం వచ్చింది. అందుకే మీ ఆట లెక్కలోకి రాలేదు. తప్పుకున్న మనిషి ఆడితే దాన్ని ఫైనల్ అనరు కదా."

పసుపుపచ్చగా మారిన కాగితం. నాలుగే వాక్యాలు. 'నా భార్య కుటుంబ బాధ్యతల కారణంగా ఈ ఏడాది పోటీల నుంచి తప్పుకుంటోంది. దయచేసి ఆమె పేరును జాబితా నుంచి తొలగించ ప్రార్థన. ఇందుకు ఆమె అంగీకారం ఉంది. కమిటీవారికి కలిగిన అసౌకర్యానికి క్షమించగలరు.'

కింద సంతకం ఉంది. కానీ కోడలు సంతకం దాకా వెళ్ళనక్కర్లేకపోయింది. ఒక్కో అక్షరమూ స్కేలు పెట్టి గీసినట్టు, అన్నీ ఒకే ఎత్తులో, తలకట్లన్నీ ఒకే వాలులో. ఇరవై ఏళ్ళుగా పచ్చడి సీసాల మీద, కరెంటు బిల్లుల వెనక, మనవరాలి నోటు పుస్తకాల అట్టల మీద ఆ అక్షరాలే చూస్తోంది. నక్షాలు గీసిన చెయ్యి అది. మామయ్య చెయ్యి.

అత్తగారు చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. అప్పటిదాకా వద్దన్న కుర్చీలో మెల్లిగా కూర్చుంది.

"'ఇందుకు ఆమె అంగీకారం ఉంది,'" అని ఆ ఒక్క వాక్యం పైకి చదివింది.

"నేను చెప్పాను కదమ్మా," అన్నాడు కార్యదర్శి. గొంతులో తేనె మళ్ళీ ఊరింది. "ఇంటి సంగతులు ఇంట్లోనే ఉంటే మంచిది. కావాలంటే నకలు తీసిస్తాను. ఇంట్లో అడగండి."

"తియ్యి," అంది అత్తగారు.

కోడలికి ఒళ్ళు మండింది. "సార్, ఇందులో అత్తయ్య సంతకం ఎక్కడుంది? ఆడే మనిషి ఆవిడ. మొగుడు రాస్తే సరిపోతుందా? ఇంకొకరి ఆట ఇంకొకరు ఉత్తరం రాసి ఆపెయ్యొచ్చా? ఒక్క మగవాడి పేరైనా వాళ్ళావిడ ఉత్తరం చూసి కొట్టేశారా మీ కమిటీవాళ్ళు, ఈ నూరేళ్ళలో?"

కార్యదర్శి ఆ కాగితాన్ని ఫైల్లోంచి తీశాడు. నకలు తీసి అందించాడు. ఇద్దరూ వరండా దాటుతుండగా వెనక గదిలో ఆయన ఫోను తీసి ప్రెస్సు పేరు చెప్పడం కోడలికి స్పష్టంగా వినిపించింది. ఆవిడ వెనక్కి తిరగలేదు.

*

తిరుగు బస్సులో అత్తగారు నకలుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలికి ఏదైనా చెప్పాలనిపించింది. ఏమని చెప్తుంది? ఒకరి మీద కోపగించుకోవడానికి బయల్దేరితే, ఆ కోపం ఇంటి అడ్రసు పట్టుకుని ఇంటికే వస్తోంది.

మామగారు బల్ల మీద కంచాలు సర్ది ఎదురు చూస్తున్నారు. ఇద్దరి మొహాలూ చూశారు. చేతిలో నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

అత్తగారు నకలు తీసి ఆయన కంచంలో పెట్టింది.

ఆయన దాన్ని చేత్తో ముట్టుకోలేదు. చదవనూ లేదు. అందులో ఏముందో తెలిసిన మనిషికి చదవాల్సిన పనేముంది?

"రాసింది మీరేనా?"

"నేనే."

"ఎందుకు?"

"ప్రెసిడెంటు మా ఆఫీసరు కదా. పిలిచి ఎదురుగా కూర్చోబెట్టాడు. కాగితం, పెన్ను ఇచ్చి, తను చెప్పింది రాయమన్నాడు. నీ పెళ్ళాం నా క్లబ్బులో గొడవ చేస్తే నువ్వు నా ఆఫీసులో ఎలా ఉంటావు అన్నాడు. చంటిపిల్లాడు, కొత్త ఉద్యోగం. భయపడ్డాను."

"మీ భయం మీరు పడండి. నా అంగీకారం ఉందని రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది?" అత్తగారి గొంతు పెరగలేదు, అందుకే కోడలికి ఎక్కువ భయమేసింది. "ఆ మనుషుల్ని నేను తిట్టిన ప్రతిసారీ పక్కన కూర్చుని 'పోనీలెద్దూ' అన్నారు. ఓదారుస్తున్నారనుకున్నాను నేను! నలభై ఆరేళ్ళు, ఒక్క పూటైనా చెప్పాలనిపించలేదా?"

కోడలు వాళ్ళిద్దర్నీ వదిలి లోపలికి వెళ్ళబోయింది.

"నువ్వుండు," అంది అత్తగారు. "ఉద్యోగం ఒడ్డి వచ్చినదానివి. నీకు వినే హక్కుంది."

మామగారు కుర్చీ వెనక భాగం పట్టుకుని నిలబడ్డారు.

"వాడు ఈ ఒక్క ఉత్తరమే చూపించాడా?"

ఆడవాళ్ళిద్దరూ ఆయన వైపు చూశారు.

"రెండోది లేదా ఫైల్లో? మర్నాడే రాశాను. మొదటిది నా చేత బలవంతంగా రాయించారు, నా భార్యకి ఆ సంగతే తెలియదు, ఆవిడ ఆడుతుంది అని. ప్రెసిడెంటుకిస్తే చింపి పారేస్తాడని ఆయన చేతికి ఇవ్వలేదు. వాళ్ళమ్మాయికిచ్చాను. ఎడంచేతికి. కమిటీ ముందు పెడతానని నాకు మాటిచ్చింది."

అంటే ఆ రోజు పెద్ద కోర్టుకి అత్తగారికంటే ముందు నడిచినప్పుడే ఎడంచేతికి అంతా తెలుసు! తెలిసే ఆడింది, తెలిసే ఓడింది, ఓడి కూడా పట్టికలో తన పేరు ఉండనిచ్చింది. అత్తగారి మొహం ఎర్రబడటం కోడలు చూసింది.

"ఆవిడ నంబరు కావాలి," అంది అత్తగారు.

ఆహ్వానాల మీద చిరునామాలు అచ్చువేసింది కూడా ఆ ప్రెస్సే. కోడలు అక్కడ అక్షరాలు కూర్చే స్నేహితురాలికి ఫోన్ చేసింది. "నీ మీద యజమాని నిప్పులు కక్కుతున్నాడే, ఏం చేశావు?" అంటూనే ఆ పిల్ల నంబరు చదివి వినిపించింది. కోడలు నొక్కి, ఫోను అత్తగారి చెవికి ఆనించి, తన తల కూడా దగ్గరగా పెట్టింది.

నాలుగు సార్లు మోగింది. ఎత్తారు.

"నేను..." అని మొదలుపెట్టింది అత్తగారు.

"తెలుసు. నువ్వే చేస్తావని కార్యదర్శి ఇందాకే చెప్పాడు." ముసలి గొంతు, కానీ వణుకు లేదు. "పిడుగూ, నన్ను తిట్టాలనుకుంటే తర్వాత తిరిగ్గా తిట్టుకుందువు గాని. మీ ఆయనిచ్చిన ఉత్తరం నా దగ్గరే ఉంది, భద్రంగా. అందులో ఏం రాసినట్టు చెప్పాడు నీకు?"

అత్తగారు చెప్పింది, మామగారు చెప్పిన మాటలే, ఒక్కటి వదలకుండా.

అవతల డ్రాయరు లాగిన చప్పుడు, కాగితం మడత విప్పిన చప్పుడు.

"ఆయన పక్కనే ఉన్నాడా?" అంది ఎడంచేతి. "ఉంటే నువ్వు ఫోను పట్టుకుని వీధిలోకి వెళ్ళు. చదివి వినిపిస్తాను."